చక్కెర వ్యాధి, రక్తంలోని కొవ్వు, మన కంటి చూపు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు సైన్సు, లెక్కలు చెప్పుకునే పంతులును. ఈ విషయం మీద మాట్లాడడానికి ఒక డాక్టరుగారినే పిలవండి అని కార్యదర్శిగారితో అన్నాను. "డాక్టరు చెబితే మందుచీటీ లాగా ఉంటుంది మాస్టారూ, మీరు చెబితే పాఠం లాగా ఉంటుంది, మనవాళ్ళకు కావలసింది పాఠమే" అన్నారాయన. అందుచేత ఈ సంగతి మీద అచ్చయిన పరిశోధనలు చదివి, చదివిన దానిని తెలిసిన డాక్టర్ల చేత సరిచూపించుకొని మీ ముందుకు వచ్చాను. పాఠం గనుక మధ్యలో కొంచెం లెక్కలు కూడా వస్తాయి. ఓపిక పట్టవలెనని మనవి.

షుగరు జబ్బు మన ఇళ్ళలో కొత్త మాట కాదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడినాయి. వాటి ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నది. ఈ హాలులోనే ఎవరి జేబులో చెయ్యి పెట్టినా ఒక షుగరు చీటీ దొరుకుతుంది. పరగడుపున ఎంత, తిన్న తరువాత ఎంత అని మన నానీలు కూడా వేళ్ళ మీద చెబుతారు. సంతోషమే. కాని "అమ్మా, మీ కొవ్వు లెక్క ఎంత?" అని అడిగి చూడండి. "కొవ్వు గుండెకు కదా బాబూ, నాకు గుండె బాగానే ఉంది" అంటారు. ఈ జవాబును గురించే నేను ఈవేళ మాట్లాడదలచుకున్నాను. షుగరు ఉన్న మనిషికి రక్తంలోని కొవ్వు గుండెను మాత్రమే కాదు, కంటిని కూడా పట్టుకుంటుంది.

ముందు కన్ను సంగతి చూద్దాం. కంటి వెనుక గోడకు లోపలివైపు పల్చని పొర ఒకటి ఉంటుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దానిని నేత్రపటలం అంటారు, డాక్టర్లు రెటీనా అంటారు. మన ఉర్దూ పుస్తకాల్లో షబకియా అని ఉంటుంది. షబకా అంటే అరబీలో వల. లాటిన్ భాషలో కూడా వలకు ఉన్న మాట నుంచే రెటీనా పుట్టింది. అరబీ వైద్యుల పుస్తకాలు లాటిన్‌లోకి మారినప్పుడు ఈ వల కూడా అటు వెళ్ళింది. నిజంగా చూస్తే ఆ పొర మీద వెంట్రుకల కంటే సన్నని రక్తనాళాలు వల అల్లినట్టే ఉంటాయి. ఆ పొర నడిమధ్యన మాక్యులా అనే చిన్న చోటు ఉన్నది. అక్షరం చదివేది, మనిషి ముఖం గుర్తుపట్టేది, సూదిలో దారం ఎక్కించేది ఆ చిన్న చోటే. మిగిలిన పొరంతా కలిసి చేసే పని మనం గోడకు గుద్దుకోకుండా నడవడానికి పనికివస్తుంది.

ఏళ్ళ తరబడి షుగరు ఎక్కువగా ఉంటే ఆ సన్నని నాళాల గోడలు బలం కోల్పోతాయి. అక్కడక్కడ బుడిపెలు కడతాయి. తరువాత కారడం మొదలవుతుంది. పాత ఇంటి గోడలో పైపు కారితే ఏమవుతుంది? తడి కొన్నాళ్ళకు ఆరిపోతుంది, కాని తెల్లని ఉప్పు మరక గోడ మీద నిలిచిపోతుంది. కంటిలోనూ అంతే. కారిన దానిలోని నీటిని శరీరం మళ్ళీ పీల్చుకుంటుంది. దానితో పాటు వచ్చిన కొవ్వు, మాంసకృత్తులు మాత్రం పసుపుపచ్చని మచ్చలుగా పొరలో పేరుకుంటాయి. డాక్టర్లు వీటిని హార్డ్ ఎగ్జుడేట్లు అంటారు. 1851లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరాన్ని ప్రకటించాడు. ఆ తరువాత నాలుగైదేళ్ళలోనే వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ అనే వైద్యుడు షుగరు రోగి కంటిలో పచ్చని మచ్చలు చూసి వ్రాసిపెట్టాడు. అంటే ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు.

ఇక ఆ మచ్చలలోకి కొవ్వు ఎక్కడినుంచి వచ్చింది? రక్తంలో నుంచే. కొవ్వు నీళ్ళలో కరగదు. నిహారీ చల్లారిన తరువాత పైన తెట్టు కట్టడం మనం రోజూ చూసేదే. అందుకని శరీరం కొవ్వును మాంసకృత్తులతో మూటలు కట్టి రక్తంలో తిప్పుతుంది. ఎల్.డి.ఎల్. అనే మూట కొలెస్ట్రాలును అవయవాలకు మోసుకుపోతుంది, ఎక్కువైతే నాళాల్లో దింపేస్తుంది. హెచ్.డి.ఎల్. అనేది తిరిగి కాలేయానికి చేరవేస్తుంది. ట్రైగ్లిజరైడ్లు అనేవి శరీరం దాచుకునే కొవ్వు, ఇవి మరీ ఎక్కువైన మనిషి రక్తం గొట్టంలో పోసి నిలబెడితే పైన తేరేది పాల మాదిరి తెల్లగా ఉంటుంది. నాళం చిల్లులు పడ్డప్పుడు లోపల పారే రక్తంలో ఎంత కొవ్వు ఉంటే అంత బయట పేరుకునే అవకాశం ఉందని తెలుసుకోవడానికి డాక్టరీ చదవనక్కరలేదు కదా.

అయితే తర్కానికి బాగున్నంత మాత్రాన నిజం కావాలని లేదు, లెక్క కట్టి చూడాలి. అమెరికాలో 1979లో మొదలైన ఒక పెద్ద పరిశోధనలో 3,711 మంది షుగరు రోగుల కళ్ళను ఏళ్ళ తరబడి ఫొటోలు తీసి పరీక్షించినారు. దానిలోని కొవ్వు లెక్కల సంగతి 1996లో అచ్చయింది. మొదట్లోనే మొత్తం కొలెస్ట్రాలు గాని, ఎల్.డి.ఎల్. గాని ఎక్కువ ఉన్నవారి కళ్ళలో ఈ పచ్చని మచ్చలు, మామూలుగా ఉన్నవారితో పోలిస్తే రెండింతల మందిలో కనబడినాయి. మచ్చలు ఎంత విస్తరిస్తే చూపు పోయే ప్రమాదం అంత పెరిగింది. మాక్యులా వాపును లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా అలాగే తేలింది.

అమెరికావాళ్ళ తిండి వేరు, మన తిండి వేరు అంటారేమో. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ గారి బృందం చేసిన సర్వే ఉన్నది. నగరంలోని షుగరు రోగుల్లో నూటికి 17.6 మందికి కంటిపొర జబ్బు ఉన్నదని వారు 2005లో ప్రకటించారు. మరుసటి ఏడు అదే బృందం కొవ్వుల లెక్క చూసింది. కంటిపొర దెబ్బతిన్నవారిలో కొలెస్ట్రాలు, ట్రైగ్లిజరైడ్లు సగటున ఎక్కువగా ఉన్నాయి. మాక్యులా వాపుకు ఎల్.డి.ఎల్. తో సంబంధం కనబడింది. ఇడ్లీ, సాంబారు తినేవారి రక్తమే అది.

ఇక్కడ ఒక మాట సరిగ్గా చెప్పాలి. కొవ్వు ఒక్కటే దోషి అని నేను అనడం లేదు. అన్ని పరిశోధనలూ ఒకే జవాబు ఇవ్వలేదు, కొన్నింటిలో కొవ్వుతో సంబంధం బలహీనంగా వచ్చింది. ఎన్నేళ్ళ నుంచి షుగరు ఉంది, ఎంత ఎక్కువ ఉంది, రక్తపోటు ఎంత అనేవి మొదటి వరుస దోషులు. చిన్న వయసులో వచ్చే రకం షుగరులో కట్టుదిట్టంగా వైద్యం చేస్తే కంటిజబ్బు కొత్తగా రావడం 76 శాతం తగ్గిందని 1993లో తేలింది. పెద్ద వయసు షుగరులో రక్తపోటును బాగా అదుపు చేస్తే కంటిజబ్బు ముదరడం మూడోవంతు తగ్గిందని 1998లో ఇంగ్లండువారు చూపించారు. షుగరు నాళానికి చిల్లు పెడుతుంది, రక్తపోటు ఆ చిల్లులోంచి తోస్తుంది, కొవ్వు బయటపడి గడ్డకడుతుంది. ముగ్గురిలో ఇద్దరిని పట్టుకొని మూడోవాడిని వదిలిపెట్టడం ఎందుకు అన్నదే నా ప్రశ్న.

నేను మునుపు పనిచేసిన బడిలో ఒక ఉస్తాద్ ఉండేవారు. వారి పేరు చెప్పను, బతికే ఉన్నారు, అల్లా వారికి ఆరోగ్యం ఇవ్వాలి. నల్లబల్ల మీద ఆయన వ్రాసిన నస్తలీఖ్ అక్షరం చూసి పిల్లలు కాపీలు దిద్దేవారు. పదకొండేళ్ళు షుగరు మాత్రలు క్రమంగా వేసుకున్నారు, నెలనెలా పరగడుపు పరీక్ష తప్పలేదు. కొవ్వు పరీక్ష ఒక్కసారి కూడా చేయించలేదు, ఎవరూ చేయించమనలేదు. గీతలు వంకరగా కనబడుతున్నాయని ఒక కళ్ళద్దాల దుకాణానికి వెళితే మూడుసార్లు అద్దాలు మార్చి పంపినారు. కంటిలో చుక్కలు వేసి వెనుక పొర చూసినవాడు లేడు. ఆఖరుకు పెద్ద ఆసుపత్రిలో చూసేసరికి పచ్చని మచ్చలు మాక్యులా నడిమధ్యకు చేరి ఉన్నాయి. రక్తం తీస్తే ట్రైగ్లిజరైడ్లు 600 దాటి ఉన్నాయి. ఇప్పుడు ఆయన వీధిలో ఎవరి సాయం లేకుండా నడుస్తారు, మనిషి నడకను బట్టి, గొంతును బట్టి పేరు పెట్టి పిలుస్తారు. ఎదురుగా కూర్చున్న మనవరాలి ముఖం మాత్రం ఆయనకు కనబడదు. చూపు అంచులు మిగిలినాయి, మధ్య పోయింది.

మందులతో కొవ్వు దించితే మచ్చలు పోవా అని మీరు అడగవచ్చు. పోతాయి, కాని ఇక్కడే మెలిక ఉన్నది. ఎడింబరోలో డాక్టర్లు క్లోఫిబ్రేట్ అనే పాత మందును మూడేళ్ళు ఇచ్చి చూసి 1968లో ఫలితం ప్రకటించారు. మచ్చలు తగ్గినాయి, పోయిన చూపు మాత్రం తిరిగి రాలేదు. మచ్చ కింద ఉన్న పొర అప్పటికే చెడి, కొన్నిచోట్ల మచ్చ మానిన పుండులా గట్టిపడిపోయి ఉంటుంది. మరక తుడిచినంత మాత్రాన పాడైన సున్నం తిరిగి రాదు గదా. అందువల్ల పరీక్ష అన్నది చూపు బాగున్నప్పుడే చేయించాలి. చూపు తగ్గిన తరువాత వెళ్ళేది ఉన్నదానిని కాపాడుకోవడానికే.

క్లోఫిబ్రేట్ కుటుంబానికే చెందిన ఫెనోఫైబ్రేట్ అనే మందు మీద ఈ మధ్య గట్టి పరిశోధనలు జరిగినాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫిన్లాండు దేశాలలో 9,795 మంది మీద జరిపిన దాని కంటి ఫలితాలు 2007లో వచ్చినాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో నూటికి 4.9 మందికి కంటికి మొదటిసారి లేజరు వైద్యం అవసరమైతే, ఈ మందు వేసుకున్న వారిలో 3.4 మందికే అవసరమైంది. 2010లో అమెరికా, కెనడాల నుంచి మరొకటి వచ్చింది. అందులో అందరికీ కొలెస్ట్రాలు తగ్గించే స్టాటిన్ మాత్ర ఇస్తూ, కొందరికి ఫెనోఫైబ్రేట్ కూడా కలిపారు. నాలుగేళ్ళకు కంటిజబ్బు ముదిరినవారు స్టాటిన్ ఒక్కటే ఉన్నవారిలో నూటికి 10.2, రెండూ ఉన్నవారిలో 6.5. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2013లో కంటిజబ్బు నెమ్మదింపజేయడానికి ఈ మందును అనుమతించింది. 2024లో స్కాట్లండులో 1,151 మంది మీద జరిగిన పరిశోధన కూడా అచ్చయింది. అందులో కంటిజబ్బు ముదరడమో, దానికి వైద్యం అవసరం కావడమో మందు వేసుకున్న వారిలో నూటికి 22.7 మందికి, వేసుకోనివారిలో 29.2 మందికి జరిగింది.

లెక్కల మాస్టారుగా నాకు చాలా ఆసక్తి కలిగించిన సంగతి ఇంకొకటి ఉన్నది. 2007 నాటి పరిశోధనలో లేజరు అవసరానికీ, రక్తంలోని కొవ్వు అంకెకూ నేరుగా సంబంధం కనబడలేదు. మందు మేలు చేసింది, కాని కొవ్వు దించడం వల్లనే చేసిందని చెప్పలేకపోయారు. నాళాల వాపు తగ్గించడం వంటి వేరే దారులు కూడా ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు అంటున్నారు. సృష్టిలో ఒక పని ఒకే దారిన జరగాలని ఎక్కడ ఉన్నది?

ఇది విని రేపు పొద్దున్నే మందుల షాపుకు పోయి ఫెనోఫైబ్రేట్ ఇవ్వండి అని అడిగేవారు మనలో ఉంటారని నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి, పిత్తాశయం జబ్బు ఉన్నవారికి ఆ మందు పనికిరాదు. రక్తంలో క్రియాటినిన్ అంకెను అది కొంత పెంచుతుంది. ఎవరికి ఇవ్వాలో డాక్టరే రక్తం చూసి నిర్ణయించాలి. అలాగే డాక్టరు గుండె కోసం ఇచ్చిన స్టాటిన్ మాత్రను "కంటికి కాదట గదా" అని మానేయవద్దు. షుగరు ఉన్నవారికి గుండెపోటు ముప్పు ఎక్కువ, ఆ మాత్ర దాని కోసం.

ఇక తిండి సంగతి. ఇక్కడ సభలో నిశ్శబ్దం ఎక్కువైనట్టుంది. బిర్యానీ మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. కాని ఒక అపోహ తీర్చాలి. "నేను నెయ్యి ముట్టను, మాంసం వారానికి ఒకసారే, మరి నాకు ట్రైగ్లిజరైడ్లు ఎందుకు పెరిగినాయి?" అని ఒక భాయ్ అడిగారు. పొద్దున ఏమి తింటారు అంటే, చక్కెర వేసిన చాయ్ మూడు కప్పులు, ఉస్మానియా బిస్కెట్లు, మధ్యాహ్నం పళ్ళెం నిండా తెల్లన్నం, రాత్రి మైదా రొట్టె. ట్రైగ్లిజరైడ్లు నెయ్యితోనే పెరగవు. మిగిలిపోయిన పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. ఎల్.డి.ఎల్. ను పెంచేది మాంసపు చర్బీ, నెయ్యి, వనస్పతి. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు అన్నింటికన్నా చెడ్డది. 2022 జనవరి నుంచి నూనెల్లోనూ, వనస్పతిలోనూ అది నూటికి 2 పాళ్ళు దాటరాదని ప్రభుత్వ నిబంధన ఉన్నది. కాని కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచే సమోసా బండికి ఆ కొలత ఎవరు చూస్తారు?

అన్నం తిని కంటిజబ్బు తగ్గించుకున్న కథ కూడా ఒకటి ఉన్నది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు రోగులకు అన్నం, పండ్లు మాత్రమే పెట్టేవాడు. ఉప్పు, నూనె దాదాపు సున్న. కొందరు షుగరు రోగుల కళ్ళలో మచ్చలు తగ్గినాయని 1958లో వ్రాశాడు. మనవాళ్ళకు ఈ కథ చెబితే అన్నం వరకే విని లేచిపోతారు. అది ఆసుపత్రిలో ఉంచి, రోజూ పరీక్షలు చేస్తూ పెట్టిన పత్యం. దానిలో సాలన్ లేదు, దాల్చా లేదు, ఊరగాయ లేదు. మన పళ్ళెంలో చేయగలిగింది వేరు. అన్నం సగానికి తగ్గించి కూర, పప్పు పెంచడం, మాంసం వండేముందు కనబడే చర్బీ తీసేయడం, యఖ్నీ, పాయా చల్లార్చి పైన కట్టిన తెట్టు తీసి మళ్ళీ వేడిచేయడం, చేప ఎక్కువ తినడం, రోజూ అరగంట నడవడం. వలీమా దావతులో షుగరు ఉన్న పెద్దలకు డబల్ కా మీఠా వద్దన్నా వడ్డించి, "ఒక్కరోజుకు ఏమవుతుంది" అనే మర్యాదను మాత్రం మనం మానుకోవాలి. పెళ్ళిళ్ళ నెలల్లో వారానికి మూడు దావతులు ఉంటాయి.

అంకెలు వ్రాసుకునేవారు వ్రాసుకోండి. షుగరు ఉన్నవారికి ఎల్.డి.ఎల్. 100 లోపు, గుండెజబ్బు ముప్పు ఎక్కువ ఉంటే 70 లోపు ఉండాలంటారు. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు. హెచ్.డి.ఎల్. మగవారికి 40 పైన, ఆడవారికి 50 పైన. ఇవి డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల లెక్క. ట్రైగ్లిజరైడ్ల పరీక్షకు 9 నుంచి 12 గంటల పరగడుపు ఉంటే లెక్క సరిగా వస్తుంది. రమజాను వచ్చే ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉండగానే షుగరు రోగులు డాక్టరును కలిసి మందుల వేళలు మార్చుకోవాలి. కొవ్వు పరీక్ష కూడా అప్పుడే చేయించుకుంటే ఒక పనికి రెండు పనులు అవుతాయి.

ఆడవారి సంగతి వేరుగా చెప్పాలి. మన ఇళ్ళలో అబ్బాజాన్‌కు పరీక్షలు చేయిస్తారు, అమ్మీకి మాత్రం "ఆమె బాగానే ఉంది" అంటారు. సూదిలో దారం ఎక్కడం లేదంటే వయసు మీద పడింది అని నవ్వేస్తారు. కంటిపొర జబ్బుకు నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. తలుపు చట్రం ఒక కంటితో చూస్తే వంగినట్టు కనబడుతుందా, అక్షరాల మధ్య ఖాళీ చుక్క తేలుతుందా అని ఇంట్లోనే ఒక్కొక్క కన్ను మూసి చూసుకోవచ్చు. కాని అది కనబడేసరికే ఆలస్యమైనట్టు లెక్క. సుర్మా, తేనె చుక్కలు కంటి ముందు భాగానికి తగులుతాయి, జబ్బు ఉన్నది వెనుక గోడ మీద. కొన్ని సుర్మాలలో సీసం కూడా ఉంటుంది. పెద్ద వయసు షుగరు ఉన్నవారు జబ్బు బయటపడిన రోజే ఒకసారి, తరువాత ఏడాదికి ఒకసారి చుక్కలు వేయించుకొని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. హైదరాబాదులో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నది, ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉన్నది. జిల్లాల్లోని బోధనాసుపత్రుల్లో కంటి విభాగాలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు షుగరు చీటీతో పాటు కొవ్వు చీటీ, రక్తపోటు లెక్క కూడా తీసుకుపొండి. కళ్ళ డాక్టరు అడగకపోతే మీరే బల్ల మీద పెట్టండి.

పర్దా వెనుక నుంచి రెండు చీటీలు వచ్చినాయి. మొదటిది: షుగరు ఉన్న కోడలు గర్భవతి అయింది, కంటి పరీక్ష ఇప్పుడు చేయించవచ్చా, కాన్పు తరువాతనా? ఇప్పుడే చేయించాలమ్మా, మొదటి మూడు నెలల్లోనే. గర్భంతో ఉన్నప్పుడు కంటిపొర జబ్బు త్వరగా ముదరవచ్చు. కొవ్వు మాత్రల సంగతి మాత్రం కాన్పు డాక్టరుకు చెప్పండి, ఆ సమయంలో వాటిని సాధారణంగా ఆపివేస్తారు.

రెండవది: చుక్కలు వేస్తే చూపు మసకబారుతుందట, భయమా? భయం లేదు. కంటిపాప పెద్దదై నాలుగైదు గంటలు వెలుతురు గుచ్చుకుంటుంది, దగ్గరి అక్షరం కనబడదు, తరువాత మామూలవుతుంది. ఆ పూట స్కూటరు నడపకండి. నల్ల కళ్ళద్దాలు ఉంటే పెట్టుకోండి, ఇంట్లో చదువుకునే పిల్లవాడినెవడినైనా తోడు తీసుకువెళ్ళండి. డాక్టరు చెప్పింది వాడు వ్రాసుకుంటాడు.